కోర్టులో మన మాట చెప్పేవాడికి అర్హత ఏంటి?



కులం సర్టిఫికెట్ కోసం ఎన్నిసార్లు మండలాఫీసు మెట్లెక్కారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మీసేవలో దరఖాస్తు, ఆర్ఐ విచారణ, తాత పేరున్న పాత కాగితం, స్కూలు రికార్డులో ఇంటిపేరు ఒక అక్షరం తేడా వస్తే మళ్లీ మొదటినుంచి. నువ్వు ఆదివాసివేనని ప్రభుత్వాన్ని నమ్మించడానికి ఇంత తతంగం. అదే ఆదివాసి రేపు కోర్టు బోనెక్కి తన భాషలో నాలుగు మాటలు చెప్తే, ఆ మాటల్ని తెలుగులోకి తిప్పి జడ్జిగారికి వినిపించే మనిషిని మాత్రం ఎవ్వరూ ఏ కాగితమూ అడగరు. నీకు కోయ వచ్చా? ఏ ప్రాంతం కోయ? ఎక్కడ నేర్చుకున్నావ్? ఎవరు చూశారు నీకొచ్చని? ఒక్క ప్రశ్న ఉండదు.

కేసుల మీద తిరిగినవాళ్లకి ఈ దృశ్యం కొత్త కాదు. పిలుపు వస్తుంది. ముసలామె బోనులో నిలబడుతుంది. తెలుగు రాదని తేలుతుంది. బెంచ్ క్లర్క్ హాలంతా ఓసారి చూసి "ఇక్కడ కోయ ఎవరికొచ్చు?" అంటాడు. కోర్టు డ్యూటీ కానిస్టేబుల్ ముందుకొస్తాడు. లేకపోతే అటెండరు, ప్లీడరు గుమస్తా, తన వాయిదా కోసం వచ్చి కూచున్న పక్క ఊరాయన. సంతలో ఉప్పు, ఎండుచేపలు బేరమాడేంత కోయ వస్తే చాలు, ఆ రోజుకి అతనే ఇంటర్‌ప్రెటర్. ఆ ముసలామె భూమో, కొడుకు జైలో, బిడ్డ మానమో అతని నాలుక మీద ఆధారపడి ఉంటుంది.

ఈ వారం మేం రాయదలచుకున్నది దీని గురించే. కోర్టు ఇంటర్‌ప్రెటర్‌కి ఒక అర్హత ఉండాలని అడుగుదాం. ఆ అర్హత ఎలాంటిదై ఉండాలో కూడా మనమే చెబుదాం, ఎందుకంటే మనం చెప్పకపోతే వాళ్లు పెట్టే అర్హత మనోళ్లనే బయటికి తోస్తుంది.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. ముద్దాయికి అర్థంకాని భాషలో సాక్ష్యం నడిస్తే దాన్ని బహిరంగ కోర్టులో అతనికి అర్థమయ్యే భాషలో చెప్పి తీరాలి. ఇది పాత సీఆర్‌పీసీలో 279వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో 314. కోర్టుకు ఇంటర్‌ప్రెటర్ అవసరమైతే ఆ మనిషి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇది పాత 282, కొత్త 317. ఇక 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షితోపాటు ఇంటర్‌ప్రెటర్ కూడా ప్రమాణం చెయ్యాలి, సరిగ్గా, నిజంగా తర్జుమా చేస్తానని.

గమనించారా? నిజం చెప్తావా అని చట్టం అడుగుతోంది. చెప్పడం నీకు చేతనవునా అని అడగడం లేదు. సంత కోయ తెలిసిన కానిస్టేబుల్ నిజాయితీపరుడే అనుకుందాం. దేవుడి మీద ప్రమాణం చేస్తే రాని భాష వచ్చేస్తుందా? డ్రైవింగ్ రాని మనిషి చేత "జాగ్రత్తగా నడుపుతాను" అని ఒట్టు వేయించుకుని బస్సు తాళాలిచ్చే డిపో మేనేజరుంటే మనం ఏమంటాం?

ఇంకో సెక్షన్ ఉంది, పాత 318, కొత్త 357. ముద్దాయికి మతిస్థిమితం బాగానే ఉన్నా, కేసు నడక అతనికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే, కోర్టు విచారణ ఆపక్కర్లేదు. నడిపించేయొచ్చు. శిక్ష పడితే మాత్రం ఆ రికార్డు హైకోర్టుకి పంపాలి, హైకోర్టు తగిన ఉత్తర్వు ఇస్తుంది. తనమీద నడుస్తున్న కేసేమిటో తెలియకుండానే మనిషి దోషి కావొచ్చని చట్టమే ఒప్పుకుంటున్న చోటు ఇది. మీలో లా చదువుతున్నవాళ్లు ఈ సెక్షన్ని గుర్తుపెట్టుకోండి. ఇంటర్‌ప్రెటర్ లేకుండా కింది కోర్టులో శిక్ష పడిన మనోళ్ల కేసుల్లో మొదట అడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది.

అరెస్టు సంగతికొస్తే, 1962లోనే హరికిసన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, నిర్బంధానికి కారణాలు ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలని. 2025 నవంబరులో మరో తీర్పులో ఏ నేరమైనా సరే అరెస్టు కారణాలు రాతపూర్వకంగా, అతనికి తెలిసిన భాషలో ఇవ్వాలంది. మంచి తీర్పు. కానీ చదువురాని కువి మనిషికి కువిలో రాసిన కాగితం ఎవరు రాసివ్వాలి, ఎవరు చదివి వినిపించాలి? స్టేషన్లో ఆ పని చేసేవాడి అర్హత ఏమిటన్న ప్రశ్న మళ్లీ అక్కడికే వచ్చి ఆగుతుంది.

"అంతా తెలుగు మాట్లాడుతూనే ఉన్నారు కదా ఇప్పుడు" అని మీకు చాలామంది చెప్తారు. వీధిలో మాట్లాడే తెలుగు వేరు, బోనులో క్రాస్ ఎగ్జామినేషన్ తట్టుకునే తెలుగు వేరు. సర్కారీ మనుషులకి ఇంకో అపోహ ఉంది, ఇవన్నీ తెలుగుకే యాసలని. సవర అసలు ద్రావిడ కుటుంబమే కాదు, ముండా భాష. తెలుగు వచ్చినవాడికి సవర వినగానే అర్థమవ్వడానికి దారే లేదు. గోండీ, కోయ, కువి, కొలామీ ద్రావిడ భాషలే అయినా తెలుగుకు ఎంత దగ్గరో అంత దూరం. పేర్లలోనే ఎంత గజిబిజి ఉందో చూడండి. కోదు ప్రజల కువి ఒకటి, కొండదొరల కూబి ఇంకొకటి, ఒడిశా వైపు కుయి మరొకటి. మూడూ వేర్వేరు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండదొరల భాష మీద 1969లో ఒక పెద్ద పుస్తకమే వేశారు. అయినా "ఆ కొండోళ్ల భాష తెలిసినోణ్ణి పిలవండి" అనే కోర్టు నోటికి మూడూ ఒకటే.

ఇప్పుడొక చిన్న ఉదాహరణ. దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి.

తెలుగులో "వాళ్ళు వచ్చారు" అంటే మగవాళ్లా, ఆడవాళ్లా తెలియదు. ఇద్దరికీ అదే మాట. గోండీలో, కోయలో, కువిలో, కొలామీలో అట్లా కాదు. బహువచనంలో కూడా మగవాళ్లకొక రూపం, ఆడవాళ్లకి వేరే రూపం. మగా ఆడా కలిసి ఉంటే మగ రూపమే వాడతాం. ఆడవాళ్లు మాత్రమే ఉంటే వాడే రూపం పశువులకీ వస్తువులకీ కూడా అదే. అంటే మన అమ్మ "వాళ్ళు వచ్చారు" అని తన భాషలో చెప్పినప్పుడు, వచ్చినవాళ్లంతా ఆడవాళ్లా కాదా అన్నది ఆ క్రియలోనే ఉంది. ఆమె చెప్పేసింది. తెలుగులోకి రాగానే అది మాయమైంది. అక్కణ్ణుంచి ఇంగ్లీషు డిపాజిషన్లోకి "దే కేమ్" అని ఎక్కింది, అక్కడా మాయమే.

ఆరేళ్ల తర్వాత క్రాస్‌లో డిఫెన్సు ప్లీడరు లేస్తాడు. "వచ్చినవాళ్లు ఆడవాళ్లని ఇప్పుడంటున్నావ్, పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో ఆ ముక్క లేదే?" అంటాడు. ఆమె తెల్లబోతుంది. నేను చెప్పాను కదా అనుకుంటుంది. చెప్పింది కూడా. కానీ కాగితం మీద అది లేదు. రికార్డులో "సాక్షి మాట మార్చింది" అని పడుతుంది. ఆమె మార్చలేదు, భాష మారింది. ఇక గోండీ సగమే తెలిసిన ఇంటర్‌ప్రెటరైతే ఇంకా అన్యాయం. ఆడవాళ్ల రూపం వినగానే "ఏవో పశువులు వచ్చాయంటోంది సార్" అనగలడు.

రెండోది "అంట". ఇది తెలుగుకున్న చిత్రమైన గుణం. సాక్షి తన భాషలో "నేను చూశాను, ఎద్దుని తోలుకుపోయారు" అంటాడు. మన ఇంటర్‌ప్రెటరు జడ్జివైపు తిరిగి "చూశాడంట సార్, ఎద్దుని తోలుకుపోయారంట" అంటాడు. అతని ఉద్దేశం "ఇతను చెప్తున్నాడు" అని మాత్రమే. కానీ తెలుగు చెవికి ఆ "తోలుకుపోయారంట" ఎవరో చెప్పగా విన్నట్టు వినిపిస్తుంది. సాక్ష్య చట్టంలో కళ్లారా చూసినదానికీ, చెవిన పడ్డదానికీ ఎంత తేడానో మీకు తెలుసు. ఒక్క "అంట"తో ప్రత్యక్ష సాక్షి కాస్తా పుకారు సాక్షి అవుతాడు. శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్ ఎప్పుడూ "నేను చూశాను" అనే చెప్తాడు, సాక్షి నోరు తనదే అన్నట్టు. ఆ పని మొదటి రోజు నేర్పే పాఠం అదే. మన దగ్గర ఆ మొదటి రోజే లేదు.

కాలం సంగతి కూడా అంతే. "ఇప్పపువ్వు రాలే రోజుల్లో, పొద్దు చెట్టెక్కినప్పుడు" అంటుంది సాక్షి. "మార్చి నెల, ఉదయం తొమ్మిదింటికి సార్" అంటాడు మధ్యవాడు. తొమ్మిది ఎవరు చెప్పారు? ఆమె చెప్పలేదు. మధ్యవాడు తన సొంత సాక్ష్యం కలిపాడు. ఎఫ్‌ఐఆర్‌లో పది గంటలని ఉంటే ఆ గంట తేడాకి అబద్ధాలకోరు ఎవరవుతారో వేరే చెప్పక్కర్లేదు.

రెండు నిమిషాలు ఏడుస్తూ చెప్పినదాన్ని "తెలీదంటోంది సార్" అని తేల్చేయడం గురించి నేను రాయను. అది చూడనివాళ్లు మనలో ఎవరూ లేరు.

వాకపల్లిని గుర్తు చేసుకోండి. 2007 ఆగస్టు 20న జరిగింది. పదకొండుమంది కోదు మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు తమమీద అత్యాచారం చేశారని చెప్పారు. పదహారేళ్ల దాకా లాగి, 2023 ఏప్రిల్లో విశాఖ ప్రత్యేక కోర్టు పోలీసులందర్నీ విడుదల చేసింది, దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని చెప్తూ, ఆ మహిళలకి పరిహారం ఇవ్వమంటూ. ఆ కేసు భాష వల్లే పోయిందని మేం అనడం లేదు. దర్యాప్తు అధికారుల తప్పని కోర్టే చెప్పింది. మేం అడిగేది ఒకటే. కొండమీది నుంచి దిగివచ్చిన ఆడపిల్ల తన ఒంటిమీద జరిగినదాన్ని చెప్పాల్సివచ్చినప్పుడు, మొదటి గంటలో, స్టేషన్లో, ఆస్పత్రిలో, ఆ మాటల్ని విని తిప్పి చెప్పే మనిషి ఎవరై ఉండాలి? నిందితులది పోలీసు శాఖే అయినప్పుడు ఆ మధ్యవాడు పోలీసై ఉండొచ్చా?

ఇక్కడో మంచి కబురు. మన దేశ చట్టంలోనే ఒకచోట దీనికి జవాబుంది. పిల్లలమీద లైంగిక నేరాల పోక్సో చట్టం, 2012. దాని నియమాలు (2012లో వచ్చినవి, తర్వాత 2020లో వచ్చినవీ) ఇంటర్‌ప్రెటర్‌కి అర్హత రాశాయి. ఏమని? బిడ్డ మాట్లాడే భాషా, రాష్ట్ర అధికార భాషా రెండూ పనికొచ్చేంత తెలిసి ఉండాలి. అది మాతృభాషగా వచ్చినా సరే, కనీసం ప్రైమరీ దాకా ఆ భాషలో చదివినా సరే, ఉద్యోగం వల్లో, వృత్తి వల్లో, ఆ భాష మాట్లాడే చోట నివాసం వల్లో నేర్చుకున్నా సరే. డిగ్రీ ఊసు లేదు. ఏ పక్షంతోనైనా సంబంధముంటే ముందే చెప్పాలి. కలపకుండా, తీసెయ్యకుండా చెప్పాలి. విన్నది బయట చెప్పకూడదు. జిల్లా బాలల రక్షణ విభాగం ఇలాంటివాళ్ల పేర్లతో ఒక రిజిస్టరు పెట్టాలి. డబ్బు కూడా ఇవ్వాలి, నైపుణ్యమున్న కార్మికుడి కనీస వేతనానికి తగ్గకుండా.

అంటే ఆలోచన కొత్తది కాదు. పద్దెనిమిదేళ్లలోపు బిడ్డకి ఇచ్చినదాన్ని ఆ బిడ్డ తల్లికి ఎందుకివ్వరన్నదే ప్రశ్న. ఫారెస్టు కేసులో ఇరుక్కున్న గుత్తికోయ యువకుడికి ఎందుకివ్వరు? 2005 తర్వాత సల్వాజుడుం రోజుల్లో బస్తర్ నుంచి ప్రాణాలు చేతపట్టుకుని భద్రాద్రి, ములుగు అడవుల్లోకి వచ్చినవాళ్లలో చాలామందికి ఇప్పటికీ తెలుగు అంతంతమాత్రం. మన భద్రాచలం కోయ వాళ్లతో కొంత కలుస్తుంది, కొంత కలవదు. వాళ్ల కేసులో "కోయ వచ్చు" అన్న ముక్కతో సరిపోదు. 1/70 కింద భూమి కేసు నడిచే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో కొలాం ముసలాయనకి ఎందుకివ్వరు? కొలాంలకి గోండీ వస్తుందని గోండీ మనిషిని పెట్టేస్తారు. అది ఆయనకి రెండో భాష. జడ్జిగారి ప్రాణం మీదకొస్తే హిందీలో వాంగ్మూలం ఇస్తారా, లేక సొంత భాషలోనా?

సైగల భాష ఇంటర్‌ప్రెటర్లకి ఇవాళ దేశంలో డిప్లొమా ఉంది, రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉంది. వినికిడి లేని న్యాయవాది కోసం 2023లో సుప్రీంకోర్టులోనే ఇంటర్‌ప్రెటర్ నిలబడి సైగలు చేశారు. చాలా మంచిది, ఆ సోదరీసోదరులు పోరాడి తెచ్చుకున్నారు. 2011 జనగణన ప్రకారం గోండీ మాట్లాడేవాళ్లు 29 లక్షల 84 వేలు. కోయ 4 లక్షల 7 వేలు, సవర 4 లక్షల 9 వేలు. ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న బోడో 14 లక్షల 82 వేలు. బోడోల హక్కుని మనం తప్పుపట్టడం లేదు. దానికి రెట్టింపు మంది మాట్లాడే గోండీకి షెడ్యూల్లో చోటు లేదు, కోర్టులో కుర్చీ లేదు అంటున్నాం.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకోవాల్సిన విషయం.

"సర్టిఫికెట్ అడగొద్దన్నా. అడిగామంటే డిగ్రీ పెడతారు, కోచింగ్ సెంటర్లు వస్తాయి, పట్నం పిల్లలు కోయ గైడు కొనుక్కుని పాసైపోతారు. మన పెద్దమనిషి ఇంటికాడే ఉంటాడు." సంఘం మీటింగుల్లో ఈ మాట చాలాసార్లు విన్నాం. ఇందులో నిజముంది. రాతపరీక్ష పెడితే, అందులో బిట్లు తెలుగులో ఉంటే, కొండమీద యాభై ఏళ్లు కువి మాట్లాడిన మనిషి ఫెయిలవుతాడు, కువి ఒక్క ముక్క రానివాడు నెగ్గుతాడు. అమెరికాలో ఇట్లాంటిదే చూశాం. అక్కడ 1970లో నెగ్రోన్ అనే కేసులో, ఇంగ్లీషు రాని ప్యూర్టోరికో మనిషికి తన హత్యకేసు విచారణ అర్థంకాకుండానే శిక్ష వేశారని పై కోర్టు తప్పుపట్టింది. ఆ తర్వాత 1978లో కోర్టు ఇంటర్‌ప్రెటర్ల చట్టం తెచ్చారు, సర్టిఫికెట్ పరీక్ష పెట్టారు. స్పానిష్‌కి పరీక్ష నిలబడింది. అక్కడి ఆదివాసుల నవాహో భాషకీ ఒకప్పుడు ఫెడరల్ పరీక్ష పెట్టారు. ఇప్పుడు ఆ ఫెడరల్ పరీక్ష స్పానిష్‌కి మాత్రమే ఉంది. మంది ఎక్కువున్న భాషకి తయారైన అచ్చులో చిన్న భాషని పోస్తే ఏమవుతుందో ఇది చెబుతుంది.

కానీ ఏ అర్హతా వద్దంటే దానర్థం కానిస్టేబులే ఉంటాడని. అది కూడా మనం ఒప్పుకోలేం. మన పెద్దమనిషి విషయంలోనూ కాస్త నిజాయితీగా ఉందాం. ఆయనకి భాష వచ్చు. కానీ అదే ఊరు, అదే గోత్రం, కేసులో ఒక పక్షం ఆయన మేనల్లుడు. ఆడపిల్ల కేసైతే ఊరి పరువని నాలుగు మాటలు మింగేస్తాడు. కావాలని కాదు, మంచి చేస్తున్నాననుకునే చేస్తాడు. భాష రావడం సగం అర్హత. వినింది వినట్టు చెప్పగలగడం, పక్షం వహించకపోవడం, సెక్షను మాటల్ని అర్థం చేసుకోగలగడం మిగతా సగం. ఆ సగం నేర్పితే వస్తుంది.

ఆస్ట్రేలియాలో నార్తర్న్ టెరిటరీ కోర్టు 1976లోనే అనుంగా కేసులో నియమాలు పెట్టింది. ఇంగ్లీషు బాగా రాని ఆదివాసిని పోలీసులు ప్రశ్నించేటప్పుడు ఇంటర్‌ప్రెటర్ ఉండాలి, "మౌనంగా ఉండే హక్కు నీకుంది" అని చెప్పాక అతను ఏం అర్థం చేసుకున్నాడో అతని మాటల్లోనే తిరిగి చెప్పించుకోవాలి. డయానా ఈడ్స్ అనే భాషాశాస్త్రవేత్త అక్కడి ఆదివాసుల మీద ఏళ్లతరబడి పనిచేసి ఒక సంగతి బయటపెట్టారు. అధికారి ఏమడిగినా "అవును" అనడం అక్కడ ఒప్పుకోలు కాదు, గొడవ తప్పించుకునే మర్యాద. చదువుతుంటే మన ఊరే కళ్లముందుకొచ్చింది. "నువ్వే కొట్టావా?" "అవును దొరా." "ఆమె కొట్టలేదా?" "అవును దొరా." 2000లో అక్కడ ఆదివాసీ భాషల ఇంటర్‌ప్రెటర్ సర్వీసు ఒకటి ప్రభుత్వమే పెట్టింది. పెరూలో సాంస్కృతిక శాఖ 2012 నుంచి ఆదివాసీ భాషలవాళ్లకి శిక్షణ ఇచ్చి జాతీయ రిజిస్టర్లో పేర్లెక్కిస్తోంది. ఈ రెండుచోట్లా భాష ఉన్నవాళ్లని వెతికి పట్టుకుని ఆ తర్వాత చట్టం నేర్పారు. చట్టం చదివినవాళ్లకి భాష నేర్పాలని కూచోలేదు. మనకి కావాల్సిన వరస అదే.

జీవో 3 గాయం ఇంకా పచ్చిగానే ఉందని తెలుసు. ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక ఎస్టీలకే అన్న 2000 నాటి జీవోని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పుతో మనకి ఒప్పందం లేదు, ఆ పోరాటం వేరే నడుస్తుంది. కానీ ఇక్కడొక తేడా గమనించండి. కోయ ఇంటర్‌ప్రెటర్ పోస్టుకి "కోయ బాగా మాట్లాడాలి" అనడం రిజర్వేషన్ కాదు. అది ఆ పనికి అర్హత. ఇంగ్లీషు స్టెనోకి ఇంగ్లీషు రావాలనడం లాంటిదే. పరీక్షలో గుత్తికోయ ముసలామె మాట్లాడిన రికార్డు వినిపించి, "ఇది తెలుగులో చెప్పు, ఇప్పుడు జడ్జి అడిగింది ఆమెకి కోయలో చెప్పు" అంటే చాలు. గైడు కొనుక్కుని దాన్ని దాటలేరు. దాటగలిగినవాడు ఎవరైనా రానీ, స్వాగతం. దాటేది ఎవరో మనకి తెలుసు. ఆ పరీక్షలో మార్కులు వేసేవాళ్లలో ఆ భాష పెద్దలు కూచోవాలి, కాలేజీ లెక్చరర్లు మాత్రమే కాదు.

మనుషులు ఎక్కడున్నారని అడుగుతారు. ఉమ్మడి రాష్ట్రంలో మాతృభాషా విద్య కింద సవర, కొండ, కువి, కోయ, గోండీ, కొలామీ, బంజారా, ఆదివాసీ ఒడియా, ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. ఆ పాఠాలు రాసినవాళ్లు, చెప్పినవాళ్లు ఊళ్లలోనే ఉన్నారు. పీహెచ్‌సీలో డాక్టరుకీ బాలింతకీ మధ్య రోజూ ఇదే పని పైసా అదనంగా లేకుండా చేస్తున్న ఆశాలున్నారు. డిగ్రీ చేసి ఇంటికాడ ఖాళీగా ఉన్న మీరున్నారు. గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకుని వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. తెలుగువాళ్లు ఆయన్ని వాడుక భాష కోసమే తలుచుకుంటారు, మనం సవర కోసం తలుచుకుందాం.

కేంద్ర గిరిజన శాఖ 2025లో ఆదివాణి అనే యాప్ తెచ్చింది, గోండీ కూడా ఉంది అందులో. వాడి చూడండి, మంచిదే. కానీ బోనులో యాప్‌ని నమ్మొద్దు. యాప్ ప్రమాణం చెయ్యదు, దాన్ని క్రాస్ చెయ్యలేం.

ఇక మీరు చెయ్యాల్సింది. మీకు తెలిసినవాళ్ల కేసు ఏదైనా నడుస్తుంటే, సాక్ష్యం మొదలవ్వకముందే కోర్టులో రాతపూర్వకంగా మెమో వేయించండి, ఈ భాషకి ఇంటర్‌ప్రెటర్ కావాలని, పోలీసువాళ్లు వద్దని. భాష పేరు ఊరితో సహా రాయించండి, "కోయ" అని వదిలేయొద్దు. ఖర్చు ఎవరిస్తారంటే, 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసేవ దక్కుతుంది. కేసు నడపడానికి అవసరమైన ఏ సేవ అయినా న్యాయసేవేనని ఆ చట్టమే చెబుతోంది. కాబట్టి జిల్లా న్యాయసేవాధికార సంస్థకే అర్జీ పెట్టండి. తర్జుమా తప్పుగా జరుగుతోందని హాల్లో కూచున్న మీకు వినిపిస్తే, అరవొద్దు, ప్లీడరుకి చీటీ పంపండి. అభ్యంతరం అప్పటికప్పుడే రికార్డులో పడాలి. ఇంటికెళ్లి వాట్సాప్‌లో పెడితే హైకోర్టు చూడదు.

రెండోది, జిల్లాకొకరైనా ఈ నెలలో ఆర్టీఐ వెయ్యండి. పది రూపాయల పని. జిల్లా బాలల రక్షణ విభాగం పౌర సమాచార అధికారికి రాయండి: "పోక్సో నియమాల కింద మీరు నిర్వహించాల్సిన ఇంటర్‌ప్రెటర్ల రిజిస్టరులో కోయ, గోండీ, కొలామీ, కువి, కూబి, సవర భాషలకి విడివిడిగా ఎంతమంది పేర్లున్నాయి? వాళ్ల అర్హతని ఎలా నిర్ధారించారు? గత మూడేళ్లలో ఎన్ని కేసుల్లో పిలిచారు, ఎంత చెల్లించారు?" వ్యక్తుల పేర్లు, ఫోన్ నంబర్లు అడగొద్దు, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. వచ్చిన కాగితాన్ని ఫోటో తీసి మా పేజీకి పంపండి. "రిజిస్టరు నిర్వహించడం లేదు" అని వచ్చినా పంపండి. రెండు రాష్ట్రాల ఏజెన్సీ జిల్లాలవన్నీ ఒకచోట పెట్టి, రెండు హైకోర్టుల రిజిస్ట్రార్లకి అర్జీతో పాటు ఇద్దాం.